పొయ్యి దగ్గర గీత గీసిన గది: మనవాళ్ళ ఇల్లా, ముక్కూమొహం తెలియని నలుగురా?

పాలకొల్లు పడవ
తమ్ముడు సెప్టెంబరులో ఇంగ్లండ్ వెళ్తున్నాడు. యూనివర్సిటీ హాస్టల్లో గదులు అయిపోయాయి. బయట రెండు దొరికాయి.

ఒకటి మన జిల్లావాళ్ళ సొంతిల్లు. భార్యాభర్తలు, ఓ పాప. నెలకి 450 పౌండ్లు, బిల్లులన్నీ అందులోనే. షరతులు మూడు: వెజ్ ఓన్లీ, కిచెన్ రాత్రి 8 నుంచి 9 దాకానే, పోపు "తక్కువగా".

రెండోది ఐదు గదుల ఇల్లు. మావాడితో కలిపి ఐదుగురు, అంతా వేర్వేరు దేశాలవాళ్ళు, ఓనరు అక్కడ ఉండడు. 520, బిల్లులు కలిపే. కిచెన్ ఎప్పుడైనా వాడుకోవచ్చు. కాకపోతే అగ్రిమెంటులో "ఘాటైన వాసన వచ్చే వంటలు వద్దు" అని ఒక లైనుంది.

అమ్మ మొదటిదే అంటోంది. వాడికి ఎండు రొయ్య లేకపోతే ముద్ద దిగదు. ఏది తీసుకోమంటారు?

కొబ్బరిపీచు
మనోళ్ళ ఇల్లేనండి, ఇంకో ఆలోచనొద్దు. జొరం వత్తే కాత్త గంజి కాసిచ్చేవోళ్ళుండాలి కదా.

వశిష్ఠగట్టు
గంజి సంగతి తర్వాత చూద్దాం. ఇంగ్లండులో కిచెన్ ఎవరితో పంచుకుంటున్నారన్నదాన్ని బట్టి హక్కులే మారిపోతాయి. ముందు అది తెలుసుకోండి.

ఓనరు అదే ఇంట్లో ఉంటూ, ఆయనా మీ తమ్ముడూ ఒకే కిచెన్ వాడుకుంటే మీవాడు లాడ్జర్. పంపించెయ్యడానికి కోర్టు ఆర్డరు అక్కర్లేదు, సమంజసమైన గడువు ఇస్తే చాలు. నెలనెలా అద్దె కట్టేవాళ్ళకి అది మామూలుగా ఓ నెల. డిపాజిట్ భద్రంగా ఉండేలా దాన్ని ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కీములో వెయ్యాలన్న రూలు కూడా ఆయనకి వర్తించదు. అంటే డబ్బు తిరిగొస్తుందా లేదా అన్నది ఆయన మంచితనం మీద ఉంటుంది.

రెండోది టెనెన్సీ, అంటే మీవాడు లాడ్జరు కాదు, పూర్తి అద్దెదారు. లెక్క చూడండి: నెలకి 520 అంటే ఏడాదికి 6,240, వారానికి 120. 2019 టెనెంట్ ఫీజ్ యాక్ట్ ప్రకారం డిపాజిట్ ఐదు వారాల అద్దె మించకూడదు, అంటే 600. గది పట్టి ఉంచడానికి అడిగేది ఒక వారం, 120. డిపాజిట్ కింద అంతకుమించి ఒక్క పౌండు అడిగినా అక్కడే ఆగిపోండి. డిపాజిట్ అందిన 30 రోజుల్లో స్కీములో వేసి వివరాలు రాతపూర్వకంగా ఇవ్వాలి.

వేర్వేరు కుటుంబాల వాళ్ళు ఐదుగురు కిచెన్ పంచుకుంటున్నారు కాబట్టి ఆ ఇంటికి హెచ్.ఎం.ఓ. (పలు కుటుంబాలవాళ్ళు పంచుకునే ఇల్లు) లైసెన్సు తప్పనిసరి. కౌన్సిల్ (అక్కడి మునిసిపాలిటీ లాంటిది) రిజిస్టరులో అడ్రసు కొట్టి చూడండి. ఒకరు పడుకునే గది 6.51 చదరపు మీటర్లకి తగ్గకూడదు. మన లెక్కలో 70 చదరపు అడుగులు. మంచం, బల్ల వేశాక చాప పరవడానికి చోటుండదు, కానీ అంతకన్నా చిన్నది ఇస్తే నేరం.

ఆకివీడు రొయ్య
చట్టం వశిష్ఠగట్టు గారికి వదిలేస్తా. ఆ వాసన లైను చూసి మాత్రం బెదరకండి. వాసన ఎక్కడ పుడుతుందో తెలిస్తే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

పోపు: నూనె పొగ వచ్చేదాకా కాగబెట్టడం మన అలవాటు, అక్కర్లేదు. రెండు చెంచాల నూనె, మధ్యస్థం మంట. ఒక్క ఆవగింజ వేసి చూడండి. అది చిటపటమంటే మిగతావి వేసి మూత పెట్టెయ్యాలి. చప్పుడు తగ్గాక ఎండుమిర్చి, కరివేపాకు. వాటికి ఆ నూనె వేడే చాలు. దగ్గు తెప్పించేది మాడిన మిర్చే, పోపు కాదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. అక్కడ చాలా ఇళ్ళలో ఉండేది గాజు పలక కరెంటు పొయ్యి. కట్టేసినా కింద వేడి చాలాసేపు ఉంటుంది. కాబట్టి పొయ్యి కట్టడం కాదు, మూకుడే పక్కకి తీసి మిర్చి వెయ్యాలి.

అలారం: కిచెన్లో ఉండేది ఎక్కువగా హీట్ అలారం, అది పోపు పొగకి మోగదు. మోగేది బయట నడవలో ఉన్న స్మోక్ అలారం. కిచెన్ తలుపు ఫైర్ డోరు, దానంతటదే మూసుకుంటుంది. చేతిలో గిన్నెలున్నాయని దానికి కుర్చీ అడ్డం పెడతారు. పొగ నడవలోకి పోతుంది, ఐదుగురూ దుప్పట్లు కప్పుకుని రోడ్డు మీద నిలబడతారు. తలుపు మూసి, వండే ముందు 5 నిమిషాలు, వండాక 15 నిమిషాలు ఫ్యాన్ తిరగనివ్వండి. అలారానికి ప్లాస్టిక్ కవరు తొడగడం మాత్రం వద్దు, గది ఖాళీ చేయిస్తారు.

ఎండు చేప: ఆ వాసనకి మూలం ట్రైమిథైలమైన్ అనే పదార్థం. దానికి పులుపు తగిలితే గాల్లోకి లేవదు. నిమ్మకాయంత చింతపండు పిసికిన వేడినీళ్ళలో 10 నిమిషాలు నానబెట్టి, కడిగి, మరుగుతున్న పులుసులో వేసి మూత పెట్టండి. పెనం మీద వేయించారో, ఆ వీధంతా మీ పేరు తెలిసిపోతుంది. నానబెట్టిన నీళ్ళు సింకులో కాదు, టాయిలెట్లో పోసి ఫ్లష్ చెయ్యండి.

కొబ్బరిపీచు
పుస్తెలమ్మైనా పులస తినమన్నారు గానీ, పోలీసుల్ని పిలిపించుకుని ఎండుచేప తినమన్లేదండి బాబూ.

మండువా లోగిలి
గది ఇచ్చేవాళ్ళ వైపు నుంచి ఒక్కళ్ళూ మాట్లాడలేదు కాబట్టి నేను మాట్లాడతాను.

రొయ్య గారు ఫ్యాన్ వెయ్యమంటున్నారు. ఏ ఫ్యాన్? పొయ్యి పైన ఉండే హుడ్లలో రెండు రకాలు. ఒకటి గొట్టం ద్వారా గాలిని బయటికి పంపేది. రెండోది బొగ్గు ఫిల్టరులోంచి లాగి అదే గాలిని మళ్ళీ గదిలోకే వదిలేది. అక్కడ బోలెడు ఇళ్ళలో ఉన్నది రెండోదే. మామూలు బొగ్గు ఫిల్టరు కడిగితే పనిచెయ్యదు, కొన్ని నెలలకోసారి మార్చాల్సిందే. ఏ అద్దెకుర్రాడు మార్చాడు? నూనె ఆవిరి వెళ్ళి కార్పెట్లో, కర్టెన్లలో, నడవలో వేలాడదీసిన కోట్లలో దిగుతుంది. పాప స్కూలు కోటు పోపు వాసనొస్తే స్కూల్లో అనిపించుకునేది పాప.

ఇంకా వినండి. గాజు పలక మీద మూకుడు ఈడిస్తే గీతలు. నాన్‌స్టిక్‌లో స్టీలు గరిటె. పాల రంగు గట్టు మీద పసుపు చెయ్యి. సింకులో వేపుడు నూనె, గంజి. అన్నం వార్చి మూత లేకుండా వదిలేస్తే చలికాలంలో ఆవిరంతా చల్లటి గోడకి పట్టి మూడో నెలకి నల్లటి బూజు. 8 నుంచి 9 అన్నది శిక్ష కాదు. పాప పడుకునే ముందు ఇల్లు ఆరాలని.

ఆకివీడు రొయ్య
పసుపు మరకకి ఎండ చాలండి. కిటికీ పక్క గట్టయితే నాలుగు రోజుల్లో దానంతటదే వెలిసిపోతుంది. హుడ్ కింద జల్లెడలాంటి ఫిల్టరుంటుంది చూశారా, దాన్ని నెలకోసారి వేడినీళ్ళలో వాషింగ్ సోడా వేసి నానబెడితే జిడ్డంతా వదులుతుంది. పది నిమిషాల పని.

లాకులకాడ
ఆగండాగండి. ఆ జల్లెడ చాలావాటికి అల్యూమినియం. వాషింగ్ సోడాలో వేస్తే నల్లగా మాడినట్టయిపోతుంది. డిపాజిట్లో కోత. గిన్నెలు తోమే లిక్విడ్, వేడినీళ్ళు, పాత టూత్‌బ్రష్షు. అంతే.

ఆకివీడు రొయ్య
స్టీలు జల్లెడకి సోడా ఏమీ చెయ్యదు.

లాకులకాడ
స్టీలని ఎలా తెలుస్తుంది?

ఆకివీడు రొయ్య
అయస్కాంతం పెట్టి చూస్తే సరి.

లాకులకాడ
స్టెయిన్‌లెస్ స్టీలు చాలావాటికి అయస్కాంతం అంటుకోదు గురూ. మన ఇంట్లో స్టీలు గిన్నెలకి పెట్టి చూడండి. ఇండక్షన్ పొయ్యి మీద సగం గిన్నెలు పనిచెయ్యనిది అందుకే. పాలకొల్లు పడవ గారూ, గిన్నెలు కొనేముందు అడుగున అయస్కాంతం పెట్టి చూడండి. అల్యూమినియం మూకుడు, మామూలు అల్యూమినియం కుక్కరు మోసుకెళ్ళడం దండగ.

మండువా లోగిలి
జల్లెడ దగ్గర ఆగిపోయారు. నేను చెప్పింది ఒక్కటైనా తప్పని ఎవరూ అనలేదు.

వశిష్ఠగట్టు
తప్పని అనను. అవన్నీ డిపాజిట్లో తేల్చుకునే విషయాలు. చేరిన రోజు ఫోటోలు తీసి, ఏ గీత ఎక్కడుందో రాసి, ఇద్దరూ సంతకం పెడితే అయిపోయే గొడవ. వెజ్ ఓన్లీకి వాటికీ సంబంధం లేదు. గంజి వెజ్జే. పసుపూ వెజ్జే. వంకాయ వేపుడు నూనె కూడా వెజ్జే.

గౌతమి పాయ
కెనడా వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. ఒంటారియోలో ఓనరుతోగానీ వాళ్ళ ఇంట్లోవాళ్ళతోగానీ కిచెనో బాత్‌రూమో పంచుకోవడం షరతయితే అక్కడి అద్దె చట్టమే వర్తించదు. ఇంకోటి, అక్కడ కరెంటు 120 వోల్టులు. మన మిక్సీ మోటారు నీరసంగా తిరుగుతుంది, సరిగ్గా రుబ్బదు. అక్కడి వోల్టేజీదే కొనుక్కెళ్ళండి. ఇంగ్లండులో 230, ప్లగ్గు మారిస్తే చాలు.

రాజోలు బస్సు
గల్ఫులో ఉన్నోళ్ళు ఇది చదివితే నవ్వుకుంటారు. గది అంటున్నారు, తలుపు అంటున్నారు, ఫ్యాన్ రకాలంటున్నారు. అక్కడ అద్దెకి దొరికేది బెడ్ స్పేసు, అంటే మంచం పట్టే చోటు. వంటకి వంతు, పొయ్యికి వంతు, స్నానానికి వంతు. 2025లో దుబాయ్ మున్సిపాలిటీ వాళ్ళు గదుల్ని ముక్కలు చేసే అనుమతి లేని పార్టిషన్లు తీయించేత్తే మంచం ఎక్కడేసుకోవాలో తెలీని మనోళ్ళు ఎంతమందో. ఆళ్ళ గురించి ఒక్క టాపిక్కూ లేదిక్కడ.

కొబ్బరిపీచు
అన్నట్టు మాకు తెలిసిన కుర్రోణ్ణి ఇలాగే ఐదుగురి ఇంట్లో పెడితే ఫ్రిజ్జులో కూర ఎవరో తినేశారంట. పేరు రాసిన డబ్బా మరి.

లాకులకాడ
తెలిసిన కుర్రోడి డబ్బా మీద పేరుందని మీకెలా తెలిసింది బాబాయ్?

కొబ్బరిపీచు
అది పక్కనెట్టండి.

పాలకొల్లు పడవ
ఇంత రాసినందుకు అందరికీ థాంక్సండి. ఒకటి చెప్పడం మర్చిపోయాను. ఆ మొదటి ఇంటావిడ అమ్మతో ఫోన్లో మాట్లాడారు. వెజ్జా నాన్‌వెజ్జా అని ముందు అడగలేదట. ఇంటిపేరేంటి, పాలకొల్లులో ఏ వీధి, అమ్మ పుట్టిల్లు ఏ ఊరు అని అడిగి, ఆ తర్వాత మావారిని కనుక్కుని చెబుతానని, సాయంత్రానికి ఈ వెజ్ ఓన్లీ మెసేజ్ పెట్టారట. ప్రకటనలో ఆ ముక్క లేదు. ఇప్పుడే చూశాను.

లాకులకాడ
అదీ సంగతి. వాసన చేపది కాదన్నమాట.

మండువా లోగిలి
చిన్నపిల్ల ఉన్న ఇంట్లోకి మగపిల్లాడిని తెచ్చిపెట్టుకుంటూ, ఎవరి తాలూకో అడగకూడదా? మీరు మీ ఇంటి పైవాటా అద్దెకిచ్చేటప్పుడు అడగరా? భీమవరంలో, కాకినాడలో అడగని ఓనరుని ఒక్కణ్ణి చూపించండి.

వశిష్ఠగట్టు
అడుగుతారనే కదా బాధ! ఎవరో తెలుసుకోవాలంటే అక్కడ దారులున్నాయి. యూనివర్సిటీ అడ్మిషన్ లెటరు అడగండి. షేర్ కోడ్ (వీసా వివరం చూపించడానికి కుర్రాడు ఆన్‌లైన్లో తీసి ఇచ్చే నంబరు), పుట్టినతేదీ తీసుకుని ప్రభుత్వ వెబ్‌సైటులో కొడితే వీసా వివరం, ఫోటో వస్తాయి. ఆ రైట్ టు రెంట్ (అక్కడ అద్దెకుండే హక్కు) చెకింగు లాడ్జరు విషయంలో కూడా చెయ్యాల్సిందే, ఓనరు బాధ్యత అది. ఇంటిపేరులో కుర్రాడి గుణం ఎక్కడ రాసుంటుందండీ? అందులో రాసుండేది ఒక్కటే, అది ఏమిటో ఇక్కడ చదివే అందరికీ తెలుసు.

వివక్ష కూడదనే అక్కడి 2010 ఈక్వాలిటీ యాక్ట్‌లో, రక్షణ ఉన్నవాటి జాబితాలో కులాన్ని విడిగా చేర్చలేదు. చేర్చాలా వద్దా అని చాలా నలిగి, 2018లో ప్రభుత్వం కోర్టు తీర్పులే చాలని వదిలేసింది. అయినా ఎవరూ ఆ మాట రాయరు. వెజ్ ఓన్లీ అని రాస్తారు.

మండువా లోగిలి
నిజంగా శాకాహారులు ఉండరా? అందరికీ అదే అంటగడతారా?

వశిష్ఠగట్టు
ఉంటారు. వాళ్ళు ప్రకటనలోనే రాస్తారు. ఇంటిపేరు విన్నాక రాయరు.

మండువా లోగిలి
సరే, నేనూ చెబుతా. చవగ్గా 450కి ఇస్తున్నది మనవాళ్ళ పిల్లలని. ఎయిర్‌పోర్టుకి కారు వెయ్యాలి. బ్యాంకు ఖాతాకి అడ్రసు లెటరు ఇవ్వాలి. డాక్టరు దగ్గర పేరు రాయించాలి. ఊళ్ళోంచి అమ్మలు రాత్రి పదకొండింటికి ఫోను చేసి తిన్నాడా అంటే జవాబు చెప్పాలి. ఇవన్నీ ఏ అగ్రిమెంటులో ఉన్నాయి? మూడో నెలలో ఫ్రెండ్సుతో ఇల్లు దొరకగానే వారం ముందు కూడా చెప్పకుండా సంచి సర్దుకుంటారు. అప్పుడు మనవాళ్ళం కాము. అప్పుడు "ఆంటీ, డిపాజిట్ ఎప్పుడేస్తారు".

లాకులకాడ
450 చవకేమీ కాదు. సొంతింట్లో సామానున్న గది అద్దెకిస్తే ఏడాదికి 7,500 పౌండ్ల దాకా అక్కడ ఆదాయపు పన్ను లేదు. 450 పన్నెండు నెలలు 5,400. మొత్తం చేతికొస్తుంది. దానికి ధర్మసత్రం బోర్డెందుకు?

మండువా లోగిలి
గ్యాసు బిల్లు ఎవడు కడతాడు? మీ తాతా?

లాకులకాడ
మా తాత ఇంటిపేరు అడిగి మరీ కట్టేవోడు కాదు లెండి.

*(మోడరేటరు: రెండు వ్యాఖ్యలు తీసేశాం. తాతల్ని వదిలెయ్యండి.)*

ఆకివీడు రొయ్య
నేను వాసన గురించి అంత రాశాను. అసలు గొడవ వాసనే కాదని ముందే చెప్పుంటే ఓ పూట మిగిలేది.

అయినా మండువా గారు చివర్న చెప్పినదాంట్లో ఒక ముక్క నిజం. మనవాళ్ళ ఇల్లు అనగానే వాళ్ళు అద్దె తీసుకుంటూ పెత్తనం కోరతారు, మనం అద్దె కడుతూ చాకిరీ కోరతాం. కారు, లెటరు, కిచెన్ టైము, ఖాళీ చేసే గడువు, డిపాజిట్ తిరిగిచ్చే తేదీ, ఈ ఐదూ ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెడితే సగం గొడవ ఉండదు. లాడ్జరుకి చట్టం దన్ను తక్కువని వశిష్ఠగట్టు గారే అన్నారు. అందుకే కాగితం ఇంకా అవసరం.

మండువా లోగిలి
అయినవాళ్ళ దగ్గర సంతకాలేంటి?

వశిష్ఠగట్టు
అయినవాళ్ళయితే ఇంటిపేరు అడగక్కర్లేదు కదండీ.

కొబ్బరిపీచు
నేను మొదట మనోళ్ళ ఇల్లే అన్నాను. ఆ ఫోను సంగతి తెలిస్తే అనేవోణ్ణి కాదు. కానీ ఐదుగురి ఇల్లు మాత్రం వద్దు. కూర పోద్ది.

లాకులకాడ
ఫ్రిజ్జులో అర నీకు ఏది అని మొదటి రోజే అడగాలి బాబాయ్. ఐదుగురికి ఒక్క ఫ్రిజ్జుంటే మనిషికి ఒక అరైనా రాదు. ఆదివారం వారానికి సరిపడా వండి దాచే లెక్క అక్కడే తప్పుతుంది. ఫ్రీజరు అరలు ఎన్ని, పొయ్యిలు ఎన్ని, చెత్త వంతు ఎవరిది, ఇవి అడక్కుండా అడ్వాన్సు వెయ్యకూడదు. అన్నం మాత్రం దాచొద్దు. దాచినా గంటలో చల్లార్చి ఫ్రిజ్జులో పెట్టి మర్నాటికి తినెయ్యాలి. గట్టు మీద వదిలేసిన అన్నం మళ్ళీ వేడిచేసినా కడుపు పాడుచేస్తుంది.

పాలకొల్లు పడవ
కౌన్సిల్ రిజిస్టరులో రెండో ఇల్లు ఉంది. ఐదుగురికే లైసెన్సు. డిపాజిట్ 600 అన్నారు, లెక్క సరిపోయింది. అక్కడే చదువుతున్న కుర్రాడొకడు శనివారం వెళ్ళి గది, హుడ్, ఫ్రిజ్జు వీడియో తీసి పంపుతానన్నాడు. అది చూసేదాకా డబ్బు వెయ్యం. "ఘాటైన వాసన" అంటే ఏంటో ఏజెంటుని రాతలో అడిగాను. గదిలో వండొద్దు, కిచెన్లో వండేటప్పుడు ఫ్యాన్ వెయ్యాలి అన్నారు. అంతే.

అమ్మ మాత్రం మాట్లాడట్లేదు. ఆవిడ పుట్టిల్లు అడిగినప్పుడు సంతోషంగానే చెప్పిందట.

ఇంతకీ ఎండు రొయ్యలు లగేజీలో పెట్టొచ్చా, లేదా?

ఆకివీడు రొయ్య
పెట్టొచ్చు. చేప, రొయ్య సొంతానికైతే 20 కిలోల దాకా తెచ్చుకోనిస్తారు. మీ బ్యాగే అంతుండదు. పనికిరానివి మాంసం, పాలతో చేసినవి. నెయ్యి సీసా, పాలకోవా తీసెయ్యండి. ఆత్రేయపురం పూతరేకుల్లో నెయ్యుంటుంది, ఆ చర్చ ఇక్కడ మొదలెట్టకండి. పచ్చి కరివేపాకు వద్దు, పొడి చేసి పట్టుకెళ్ళండి. ఎండుకొబ్బరి చెకిన్ బ్యాగులో పెట్టనివ్వరు. నూనె ఎక్కువ, మంట అంటుకుంటుందని 2022లో ఆపేశారు. అంబాజీపేట వాళ్ళకి చెబితే కొడతారు గానీ రూలదే.

రొయ్యలకి తల, కాళ్ళు తీసి, ఇక్కడే మీ పెరట్లోనే సన్న సెగ మీద గలగలలాడేదాకా వేయించెయ్యండి. పూర్తిగా చల్లారాక రెండు జిప్ కవర్లలో పెట్టి, వాటిని బిగుతు మూత డబ్బాలో. అక్కడ వేయించే పనుండదు, నేరుగా వంకాయలోనో చింతచిగురులోనో పడెయ్యడమే. వేడి మీద కట్టారా, చెమ్మ పట్టి విమానం దిగేలోపే ముక్కుతుంది.

పాలకొల్లు పడవ
రొయ్యపొట్టుకీ ఇంతేనా?

ఆకివీడు రొయ్య
పొట్టుకి అర నిమిషం చాలు. ముందు చేటలో వేసి ఇసక చెరగండి.

కొబ్బరిపీచు
డబ్బా మీద పేరు రాయండి.